కొత్తచెరువు బుడబుంగ

కొత్తచెరువును ఎవరు తవ్వించారో ఊళ్లో ఎవరికీ తెలియదు. అంత పాతది. అయినా పేరు మాత్రం కొత్తచెరువే. పెద్దవంగర నుంచి పొలాల వెంట వస్తే ముందు తండా తగులుతుంది, ఆ తర్వాత చెరువు, చెరువు కట్ట దిగితే ఊరు. ఆ చెరువుకు వలపెద్ద ఐలయ్య.

వలపెద్ద అంటే జీతం లేదు, కుర్చీ లేదు. మిరుగుకు ముందు రోజు చెరువంతా వల గుంజేటప్పుడు మొదటి తాడు అతని చేతిలో ఉంటుంది, అంతే. అతను తాడు పట్టనిదే రెండో మనిషి నీళ్లలో కాలు పెట్టడు. ఐలయ్య తాత పట్టాడు ఆ తాడు, తండ్రి పట్టాడు, ఇప్పుడు ఐలయ్య పడుతున్నాడు. సర్పంచులు మారారు, చేపల సొసైటీ అధ్యక్షులు మారారు, తాడు మాత్రం ఆ ఇంటి గడప దాటలేదు. అందుకే ఐలయ్యకు కాస్త పొగరు. కాస్త అనడం మర్యాద కోసం.

మిరుగు సంగతి ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మృగశిర కార్తె వచ్చిన రోజు చేపకూర ఉడకని పొయ్యి ఉండదు. ఆ రోజు చేప తింటే ఏడాదంతా దగ్గూ దమ్మూ రావని నమ్మకం. దగ్గు మాటెలా ఉన్నా, ఆ రోజు ఎవరింట్లో ఎంత పెద్ద ముక్క ఉడికిందన్నది మాత్రం ఏడాదంతా చెప్పుకుంటారు. కొత్తచెరువు కొర్రమట్టలంటే తొర్రూరు బేరగాళ్లు సైతం వెతుక్కుంటూ వస్తారు. ఆ పేరంతా తన చేతి చలవేనని ఐలయ్య నమ్మకం.

ఆ పొగరుకు ఇంట్లోనే ఒక ముల్లుకర్ర ఉంది. భార్య సమ్మక్క. ఆమెది గార్ల, పెద్ద చెరువున్న ఊరు. పెళ్లయి వచ్చిన మర్నాడు కొత్తచెరువు చూసి, "గిది చెరువా? మా గార్లల గిట్లాంటియి గుంతలంటరు" అంది. ఆ మాట ఐలయ్యకు ఇప్పటికీ అరగలేదు.

మే నెలలో ఒక పొద్దుటి పూట ఐలయ్య కట్ట మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. సమ్మక్క చద్ది తెచ్చి పెట్టింది. తండావైపు నుంచి స్కూటీ వచ్చి ఆగింది. దిగింది మౌనిక. తండా టీక్యా బిడ్డ, మహబూబాబాద్‌లో కాలేజీ పిల్లలకు జంతువుల పాఠం చెబుతుంది. ఏడాదిగా సెలవు దొరికితే చాలు, మెడలో దుర్భిణి వేసుకుని మూడు జిల్లాల చెరువులూ తిరుగుతోంది. ఆ పిల్ల కట్ట మీద నిలబడి నీళ్లకేసి చూడసాగింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, కొంగలనా?" అన్నాడు ఐలయ్య.

"బుడబుంగల్ని, కాక."

ఐలయ్యకు నవ్వాగలేదు. బుడబుంగను చూడటానికి దుర్భిణి ఎందుకు? బాతుపిల్లంత పిట్ట. తోక ఉందో లేదో కూడా తెలియదు. మనిషి చూపు పడితే చాలు, బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలుతుంది. ఉన్నట్టుండి ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు కిలకిలమంటుంది. దాన్ని తినేవాడూ లేడు, కొనేవాడూ లేడు. చేపలు పట్టేవాళ్లకు అది లెక్కలోకే రాదు.

"అవి లేని చెరువేడున్నది బిడ్డా? ఎండిన గుంతలు దప్ప అన్నిట్ల ఉంటయి."

"కనబడుడు వేరు, కాపురం పెట్టుడు వేరు కాక," అంది మౌనిక. "జనగామ దిక్కు నేను తిరిగిన కుంటలు ఎండకాలం ఎండిపోతయి. ఆడికి వానలతోని వస్తయి, నీళ్లు గుంజంగనె పోతయి. భూపాలపల్లి దిక్కు అడివి చెరువుల పిల్లలతోని తిరుగంగ చూసిన. గార్ల చెరువుల అయితే గూడే దొరికింది. మన కొత్తచెరువుకు కాలువ నీళ్లు వచ్చినప్పటి సంది ఎండకాలం గూడ జంట ఉంటున్నది. గానీ గుడ్లు పెట్టినట్టు ఎవ్వరు చెప్తలేరు."

సమ్మక్క చెవికి 'గార్ల' అన్న ముక్క ఒక్కటే తగిలింది. "ఇన్నవా? పిట్టకు గూడ తెలివున్నది. పిల్లల్ని కనాల్నంటె మా గార్లకు పోయింది. మీ గుంతల ఏం జూసి కంటది?"

ఐలయ్య చేతిలో సూది ఆగిపోయింది. పొద్దుటిదాకా బుడబుంగ లెక్కలోకి రాని పిట్ట. ఇప్పుడు అది ఇంటి పరువు.

"మా చెరువుకేం తక్కువైంది?"

"తక్కువేం లేదు కాక. ఉంటది. మనకు కండ్లవడ్తలేదు గంతే. దాని గూడు ఎట్లుంటదంటే, నీళ్ల మీద..."

"నాకు చెప్తున్నవా బిడ్డా!" ఐలయ్య లేచి నిలబడ్డాడు. "గీ చెరువుల ఏ చేప ఏ రాయి కింద పండుతదో నాకెరుక. పిట్టగూడు నాకు తెల్వదా? మిరుగు లోపల గూడు చూపియ్యకపోతే నేను వలపెద్దనే గాదు."

మౌనిక ఏదో చెప్పబోయి మానుకుంది. పెద్దమనిషి ఊపులో ఉన్నప్పుడు అడ్డు తగలకూడదని ఆమెకు తెలుసు. "సరే కాక. దొరికితే ఫోన్ జెయ్యి. చెయ్యి మాత్రం పెట్టకు" అని అతని ఫోన్లో తన నంబరు ఎక్కించి వెళ్లిపోయింది.

వెతకడం మొదలైంది. గూడు అనగానే ఐలయ్యకు తెలిసింది పుల్లల గూడు. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మలన్నీ చూశాడు. జమ్ము చివర్లు చూశాడు. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి రాళ్ల సందుల్లో చేతులు పెట్టి ఎండ్రకాయలతో కరిపించుకున్నాడు. థర్మకోల్ తెప్ప మీద చెరువంతా గాలించాడు. జంట మాత్రం కనిపిస్తూనే ఉంది, ఉత్తరం మూల జమ్ము దగ్గర. అతని తెప్ప అటు తిరిగితే చాలు, రెండూ మాయం. అక్కడ ఏముంది? జమ్ము, దాని మొదట్లో కుళ్లిన నాచు కుప్ప. ఆ కుప్ప పక్క నుంచే ఎన్నోసార్లు పోయాడు.

మౌనికకు ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేదేముంది? పరువు పోతుంది. ఆ పిల్ల చెప్పబోతే నోరు మూయించింది తనే. అడగలేదు. ఇంటికొస్తే సమ్మక్క అన్నం పెడుతూ, "గార్లకు బస్సున్నది, పోయి చూసి రారాదు" అనేది. ఐలయ్య నీళ్లు తాగి లేచిపోయేవాడు.

మిరుగు దగ్గర పడింది. వల గుంజే ముందు చెరువులో నాచు తీయడం అక్కడి పద్ధతి. గుంజుడు వల అడుగంటా పాకుతూ రావాలి. ఎక్కడ నాచు కుప్పకు తట్టుకున్నా వల అడుగు లేస్తుంది, ఆ సందులోంచి చేపలన్నీ జారుకుంటాయి. అందుకని ముందే ఊరంతా దిగి నాచు, గుర్రపుడెక్క పీకి ఒడ్డున పడేస్తారు. ఉత్తరం మూల ఎప్పుడూ ఐలయ్యదే. కొర్రమట్టలు దాగేది అక్కడే మరి, ఆ మూలను ఇంకొకరి చేతికి ఇవ్వడు.

ఆ రోజూ అలాగే తెప్ప మీద వెళ్లాడు. జమ్ము మొదట్లో కుప్పను రెండు చేతులా పట్టి, కింద తీగలు తెగేలా ఒక్క గుంజు గుంజి తెప్ప మీద వేసుకున్నాడు. కుప్ప వెచ్చగా తగిలింది. పైన ఎండకు వెచ్చబడిందనుకున్నాడు. చెయ్యి లోపలికి పోయింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది. నున్నగా ఏదో తగిలింది.

నాచు తొలగించి చూశాడు. గుడ్లు. కోడిగుడ్డులో సగం ఉంటాయేమో, చాయ మరకలు పట్టినట్టు గోధుమ రంగు. అవతల నీళ్ల మీద బుడబుంగ తేలి, గొంతు పగిలేలా అరుస్తోంది.

 ఇన్నాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని వెతికింది ఇదే. నీళ్ల మీద తేలే గూడు. పిట్ట లేచి పోయేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి పోతుంది కాబోలు, చూసేవాడికి ఉత్త చెత్తకుప్ప. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. కాలువ నీళ్లు వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఏడూ మిరుగుకు ముందు ఈ మూల నాచు పీకింది ఎవరు? ఎన్ని కుప్పలు చూడకుండా ఒడ్డున పారేశాడు? చెరువుకేం తక్కువ లేదు. తక్కువంతా తన చేతుల్లోనే ఉంది.

పొగరంతా నీళ్లలో కలిపి, నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ కవర్లోంచి ఫోన్ తీశాడు. "బిడ్డా, గూడు దొరికింది. నేనే పీకిన" అన్నాడు. 

మౌనిక తిట్టలేదు. "ముందుగాల ఆ నాచే మల్ల కప్పు కాక, గుడ్లకు ఎండ తగలద్దు. ఏడ తీసినవో ఆడనే పెట్టు. కొట్టుకపోకుంట జమ్ముకు కట్టు. కట్టి ఆడ నిలవడకు. దూరం పో."

"వస్తదా?"

"అది దాని ఇష్టం. నేను వస్తున్న."

ఐలయ్య కుప్పను పసిబిడ్డను దించినట్టు నీళ్లలోకి దించాడు. మొలతాడుకు చుట్టుకున్న వలదారం విప్పి జమ్ము కర్రలకు కట్టాడు. బిగించి కట్టలేదు. నీళ్లు పెరిగితే పైకి, తగ్గితే కిందికి జారేలా వదులు ముడి వేశాడు.   తెప్పను మళ్లించి ఒడ్డుకొచ్చి, "ఉత్తరం మూల దిక్కు ఎవ్వలు పోవద్దు!" అని కేక పెట్టాడు.

అందరికంటే ముందు వచ్చింది ఐలేశ్. ఐలయ్య తమ్ముడి కొడుకు, సొసైటీ అధ్యక్షుడు. మంచివాడే, కాకపోతే ముక్కు మీద కోపం. "గూడని తెల్వక పీకిన, తప్పైంది" అని ఐలయ్య చేరినవాళ్లందరికీ చెబితే, విని నెత్తి కొట్టుకున్నాడు.

"పిట్ట కోసం మూల ఇడిసిపెడ్తమా పెద్దనాయినా? వల తిప్పినంక చేప ఏడికి పోతది? గా మూలకే ఉరుకుతది. కొర్రమట్టలన్ని ఆడనే. ఊరికి మిరుగు చేప ఏం బెట్టాలె, నీ బుడబుంగనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఐలయ్య నవ్వలేదు. "ఆ మూలకు వల తిప్పితే తాడు నేను పట్ట" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. మూడు తరాల్లో ఆ మాట ఆ ఇంటివాళ్ల నోట ఎవరూ వినలేదు.

"ఇడిసిపెట్టిన గూటికి అది మల్ల వస్తదని ఏం గ్యారంటీ?" ఐలేశ్ వదల్లేదు. "రాకపోతే? గుడ్లు పాయె, చేపలు పాయె."

"పొద్దుగూకేదాక చూద్దం. అది రాకపోతే మూలంత గుంజుకోన్రి. మొదటి తాడు నువ్వే పట్టు. మల్ల నేను చెరువుల దిగ."

అప్పుడు సమ్మక్క ముందుకొచ్చింది. ఈమె కూడా ఏదో అంటుందనే అందరూ అనుకున్నారు. అంది, కాకపోతే మొగుణ్ని కాదు. "ఏందిరా ఐలేశూ, యాడాదికోపారి తినే కూరల ముక్క తక్కువైతే పానం పోతదా? మీ పెద్దనాయిన నోటికెల్లి తప్పైందన్న మాట నేను ఇన్నేండ్ల సంసారంల ఇనలే. ఇయ్యాల అన్నడు. గా మాటకన్న ఇలువియ్యి." మాట ముగించి అందరికంటే ముందు తనే కట్ట మీద కానుగ చెట్టు కింద కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

ఎండ చురచుర కాలుస్తోంది. బుడబుంగ చెరువు నడుమ తిరుగుతోంది. మూల దాకా వస్తుంది, ఆగుతుంది, మునుగుతుంది. తేలేసరికి మళ్లీ నడుమనే. చాలాసేపు అదే ఆట. ఐలేశ్ మాటిమాటికీ పొద్దుకేసి చూస్తున్నాడు. ఐలయ్య ఒకే చోట చూపు నిలిపి కూర్చున్నాడు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని. గట్టిగా ఊపిరి వదిలితే పిట్ట బెదురుతుందని కాబోలు. మౌనిక వచ్చి పక్కన కూర్చుంది. దుర్భిణి ఇవ్వబోతే వద్దన్నాడు. చూడాలంటే భయంగా ఉంది.

పొద్దు వాలింది. నీళ్ల మీద ఏమీ లేదు. ఎటు పోయిందో తెలియదు. ఐలేశ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. సరిగ్గా అప్పుడు కుప్ప పక్కన నీళ్లు కదిలాయి. చిన్న తల తేలింది. అటూ ఇటూ చూసింది. ఒక్క గెంతున కుప్ప మీదికెక్కి, ముక్కుతో నాచు గబగబా పక్కకు నెట్టి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

"కూసున్నది" అంది మౌనిక మెల్లగా.

"బతికున్నయా గుడ్లు?"

"దానికే తెల్వదు కాక, నాకెట్ల తెలుస్తది? సల్లబడినయో ఏమో. పొదుగుతనే ఉంటది. చూడాలె."

మాట ప్రకారం మూల వదిలేశారు. మిరుగుకు ముందు రోజు ఐలయ్య మొదటి తాడు పట్టాడు, చెరువంతా వల పాకింది. ఉత్తరం మూలకు ఇంకా చాలా దూరం ఉండగానే వలను ఒడ్డుకు తిప్పారు. కొర్రమట్టలు ఎగిరెగిరి జమ్ములోకి దూకడం అందరి కళ్లా పడింది. వలలో మిగిలింది బొచ్చెలు, చిన్న రవులు, గుప్పెడు పరకలు. తొర్రూరు నుంచి ఆటో ట్రాలీ వేసుకొచ్చిన బేరగాడు డేవిడ్ మూతి ముడుచుకుని ఖాళీగా పోయాడు. ఊళ్లో ఒక్కొక్క ఇంటికి వచ్చిన వాటా చూసి ముసలీ ముతకా కూడా గొణిగారు. ముసలితనంలో ఐలయ్యకు బుద్ధి మందగించిందన్నారు. పిట్ట తిన్నది మన కూర అన్నారు. ఆ మాటలన్నీ ఐలయ్య చెవినపడుతూనే ఉన్నాయి. ఆ గుడ్లు చచ్చినవైతే ఊరికి మొహం ఎలా చూపించాలి? తాడు తన చేతిలో ఉంటేనేం, పరువు మాత్రం ఆ నాచు కుప్ప మీదే కూర్చుని ఉంది.

మిరుగు రోజు పొయ్యిల మీద చేపకూర ఉడుకుతుండగానే మబ్బు పట్టింది. తొలకరి చినుకులు నాలుగు రాలి ఆగాయి. ఐలయ్యకు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని కట్ట మీదికి పోయాడు. మౌనిక అప్పటికే అక్కడ ఉంది. అతన్ని చూసి దుర్భిణి చేతికిచ్చింది. ఈసారి వద్దనలేదు.

కుప్ప మీద పిట్ట లేదు. ఐలయ్య దుర్భిణి దించబోయాడు. మౌనిక అతని భుజం పట్టి కాస్త పక్కకు తిప్పింది. బుడబుంగ నీళ్ల మీద ఉంది. వీపు ఉబ్బెత్తుగా, ఈకలు లేచి ఉన్నాయి. ఆ ఈకల్లోంచి ఒక చిన్న తల బయటికొచ్చింది. తల నిండా తెల్లని, నల్లని చారలు. అది లోపలికి పోయింది, ఇంకోవైపు రెక్క కింద మరోటి తొంగి చూసింది. అంతలో రెండో పెద్ద పిట్ట తేలి, వెంట్రుకంత చేపను ముక్కున పట్టుకొచ్చింది. వీపు మీదికి చాపగానే చారల తల లటుక్కున మింగింది.

ఐలయ్య తన జన్మలో ఎన్ని చేపలు పట్టి ఉంటాడు! పొడుగాటి కొర్రమట్టను భుజాన వేసుకుని ఊరేగిన రోజులున్నాయి. ఆ రోజుల్లో ఎన్నడూ ఇంత గర్వం కలగలేదు. ఛాతీ చాలనంత గర్వం. "మన చెరువుల" అన్నాడు. ఇంకేదో అనబోయాడు, అదే మాట మళ్లీ వచ్చింది. "మన చెరువుల బిడ్డా."

"అవు కాక. ఇగ మన చెరువుల కాపురమున్నదని నేను ఏడ జెప్పమన్న చెప్త" అంది మౌనిక.  తండా పక్క చెరువు కదా, ఆమెకూ అది సొంతమే.

కబురు ఊళ్లోకి పాకింది. కూర చేతులతోనే జనం వచ్చారు. నిన్నటిదాకా తిట్టుకున్నవాళ్లూ వచ్చారు. దుర్భిణి చేతులు మారింది. చూసిన ప్రతి మనిషీ ఏదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కవాడికి ఇచ్చాడు. సమ్మక్క చాలాసేపు చూసింది. కొంగుతో దుర్భిణి అద్దం తుడిచింది, తడిసింది అద్దం కాకపోయినా. అందరికంటే ఆఖరున ఐలేశ్ తీసుకున్నాడు. చూశాడు. తిరిగి ఇవ్వకుండా మళ్లీ చూశాడు. కట్ట పొడుగునా ఊరు ఊరంతా నిలబడి ఉంది, చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దంలోకి భోంభోంమని హారన్ కొడుతూ ట్రాలీ వచ్చింది. డేవిడ్ దిగి, మౌనంగా నిలబడ్డ జనాన్ని చూసి గతుక్కుమన్నాడు.

"ఏమైందన్నా, ఎవలన్న పోయిన్రా?" అన్నాడు ఐలేశ్‌తో. ఆ వెంటనే ధైర్యం తెచ్చుకుని, "మిరుగు కూరైపాయె గద, ఇగ ఆ మూల గుంజుతరేమోనని వచ్చిన. కొర్రమట్టకు ఎంతంటె గంత ఇస్త" అని గొంతు పెంచాడు.

ఐలేశ్ అతని మోచెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి నడిపించాడు. ఐలయ్య అటే చెవి పెట్టాడు.

"ఆ మూల మాట ఎత్తకు. హారన్ గూడ కొట్టకు," అన్నాడు ఐలేశ్. "జర మెల్లగ మాట్లాడన్నా. మా చెరువుల బాలింత ఉన్నది."